గోడకు ఆనించిన పీట

మొన్న పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వీధి చివరకు వెళ్ళేసరికి, రోజూ ఆ వేళకు మిరపకాయల షెడ్డులకు పోయే ఆడవాళ్ళను కుక్కుకుని దుమ్ము లేపుకుంటూ బయల్దేరే ఆటోలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన మన పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక గుంపుగానూ, వాళ్ళకు కాస్త ఎడంగా, కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల గదుల్లో ఉండే ఒడిశా వాళ్ళు మరో గుంపుగానూ చేరి ఒకరినొకరు ఓరకంట చూసుకుంటున్నారు. మన గుంపులో మా చెల్లెలి కూతురు కూడా ఉంది. చెల్లెలంటే మా పిన్ని కూతురు, కానీ ఒకే కంచంలో తిని పెరిగాం కనుక తోబుట్టువు కింద లెక్క. ఆ పిల్ల నన్ను చూడగానే దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "చూశావా పెద్దమ్మా, ఈళ్ళొచ్చి మా నోట్లో మట్టి కొట్టారు" అంది. వారం పైగా పని లేదట.

ఇంటికి వచ్చి టీవీ పెడితే, కోటు వేసుకున్నాయన ఒకడు అమెరికాలో బయటి సరుకు మీద సుంకాలు పెంచారనీ, బయటి మనుషులను వెనక్కి పంపేస్తున్నారనీ, అయినా అక్కడ పనులు తగ్గుతూనే ఉన్నాయనీ, ఇంకా ఏవేవో దేశాలు మన పంట కొనడానికి వెనకాడుతున్నాయనీ, ఆ దెబ్బ మన దాకా రాకపోదనీ చిరునవ్వుతో చెబుతున్నాడు. చెడ్డ వార్తను నవ్వుతూ చెప్పేవాణ్ణి నేనెప్పుడూ నమ్మను. చెప్పిన దానికంటే చెప్పకుండా మింగిందే ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

అనుమానం ముందు పుట్టి తర్వాత నువ్వు పుట్టావని మావారు ఉన్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవారు. నిజమే. గ్యాస్ సిలిండర్ వస్తే నేను ఎత్తి చూడకుండా ఆ కుర్రాణ్ణి గడప దాటనివ్వను, చింతపండు కొంటే గింజలు ఎన్ని కలిపాడో విడదీసి చూస్తాను, ఎప్పుడూ పలకరించని చుట్టం ఉన్నట్టుండి బాగున్నావా అని ఫోన్ చేస్తే ఏం అడగబోతున్నాడా అని ముందే గుండె దిటవు చేసుకుంటాను. నా ఈడు వాళ్ళకు ఇదేమీ వింతగా ఉండదు, మనమంతా కాస్తో కూస్తో ఇంతే. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్నే అయినా, ఈ గుణం మాత్రం నాకు బళ్ళో రాలేదు. మిరపకాయల షెడ్డులో వచ్చింది.

మాది ప్రత్తిపాడు పక్కన ఒక చిన్న పల్లె. నా చిన్నతనంలోనే అమ్మ పోతే నన్ను తెచ్చుకుని తన కూతురితో సమానంగా పెంచింది మా పిన్ని. బాబాయి కూడా అప్పటికే లేరు. సెంటు భూమి లేని ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఉన్న ఆధారమల్లా గుంటూరులో ఒక మిరపకాయల షెడ్డులో పిన్నికి ఉన్న చోటు. ఆ చోటు ఇప్పించింది మా ఊరివాడే, వరసకు మామ అయ్యే గుమాస్తా గారు. నా పదో తరగతి అయ్యాక నన్ను కూడా అక్కడే కాటా దగ్గర కూర్చోబెట్టింది ఆయనే. అందుకని మా ఇంట్లో ఏ పిండివంట చేసినా మొదటి వాయి ఆయనింటికి చేరాక గాని మా నోటికి వచ్చేది కాదు.

షెడ్డులో పని మిరపకాయలకు తొడిమలు తీయడం. సముద్రం దాటే కాయకు తొడిమ ఉండకూడదట. ఎందుకో ఎవరికీ తెలియదు. అవతలి వాళ్ళు కాయను పచ్చిగా నమిలేస్తారు కాబోలు, తొడిమ పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుందని పిన్ని నమ్మకం. చేతులకు ఆముదం రాసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎర్రటి కుప్పల మధ్య పొద్దు వాలేదాకా కూర్చునేవారు. ఇంటికి వచ్చాక కూడా పిన్ని మా తల నిమిరేది కాదు, కళ్ళకు తగులుతుందని భయం. ఆమె ముద్దు చేయడమంటే మోచేత్తో పొడవడమే.

ఎవరి పీట వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. సాయంత్రం వెళ్ళేటప్పుడు దాన్ని కూర్చున్న చోటే వదిలి వెళ్ళాలి. పొద్దున వచ్చేసరికి పీట ఆ చోటే ఉంటే పని ఉన్నట్టు, షెడ్డు బయట గోడకు ఆనించి ఉంటే పని పోయినట్టు. రావద్దని నోటితో ఎవరూ చెప్పరు, ఎందుకని ఎవరూ అడగరు. అడగడం నామోషీ. పీట చంకన పెట్టుకుని తల వంచుకుని తిరుగు బస్సు ఎక్కడమే. పిన్నిది చింతచెక్క పీట. గుమ్మం పక్కనే దాని చోటు. అక్కడ గాలి ఆడుతుంది, దగ్గు తక్కువ. ఏళ్ళ తరబడి లోపలి ఘాటులో మగ్గితే గాని ఆ చోటు దక్కదు. భర్త పోయిన మనిషని ఊళ్ళో పెళ్ళిళ్ళలో వెనక వరసకు జరిగి కూర్చునే మా పిన్నికి లోకంలో ముందు వరస అంటూ ఉంటే అదొక్కటే.

నేను కాటా దగ్గర కుదిరిన మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. వినుకొండ అవతలి మెట్ట ఊళ్ళ నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని దిగారు. వాళ్ళను మేము పడమటోళ్ళు అనేవాళ్ళం. ఇవాళ ఒడిశా వాళ్ళకు మన మాట రాదు, పద్ధతులు వేరు అంటున్నాం గాని, ఆ వచ్చిన వాళ్ళది మన తెలుగే, మన దేవుళ్ళే, బస్సెక్కితే పూట తిరక్కుండా చేరే ఊళ్ళే. మామ వాళ్ళను షెడ్డు లోపలి వైపు కూర్చోబెట్టాడు. పాత పెట్టెచెక్కలకు మేకులు కొట్టుకుని వాళ్ళూ పీటలు చేసుకున్నారు. వాళ్ళు నవ్వుకుంటే మమ్మల్ని చూసే నవ్వుతున్నారనుకున్నాం, నవ్వకపోతే ఏదో పన్నుతున్నారనుకున్నాం. తక్కువ కూలికి ఒప్పుకుని వచ్చారని చెవులు కొరుక్కున్నాం. అనుమానంలో వాళ్ళూ మాకు తీసిపోలేదు, మేము ఏం కలుపుతామో అన్నట్టు మా కుండలో నీళ్ళు ముట్టేవారు కాదు.

ఎండలు ముదరక ముందే షెడ్డు ముందు ఆగే లారీలు పలచబడ్డాయి. కాటా దగ్గర ఉండేదాన్ని గనక బస్తాలు తగ్గుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. అడిగితే ఓడ ఆలస్యమైందని మామ నవ్వేశాడు. లోపల మాత్రం ఎవరూ లారీల వంక చూడలేదు. మనవాళ్ళెందరు, వాళ్ళెందరు అని మనుషులనే లెక్కపెట్టుకుంటున్నారు. ఇంతలో పీటలు కదలడం మొదలైంది. ఒక రోజు మా ఊరి వదినది గోడకు ఆనింది, మర్నాడు మా వీధి చివరి అవ్వది. ఖాళీ అయిన చోట పెట్టెచెక్క పీట ఒకటి ప్రత్యక్షమయ్యేది. ఇంక రుజువేం కావాలి? పడమటోళ్ళు ముందుగా వచ్చి మన పీటలు గెంటేసి కూర్చుంటున్నారని షెడ్డంతా తేల్చేసింది.

నా గుణం ఊరుకోనివ్వదు కదా. కళ్ళతో చూసి పట్టుకుందామని ఒకనాడు పిన్నికంటే ముందు మొదటి బస్సుకే వెళ్ళాను. గేటు తీసే ఉంది. బయట గోడకు అప్పటికే కొన్ని పీటలు ఆనించి ఉన్నాయి, అన్నీ పెట్టెచెక్కవే. లోపల మామ ఒక్కడే ఉన్నాడు. గుమ్మం పక్కన పెట్టెచెక్క పీట ఒకటి పెట్టి, చింతచెక్క పీట చేత్తో పట్టుకుని బయటకు వస్తున్నాడు. నన్ను చూసి ఏమాత్రం తొణకలేదు. "ఊడ్పిద్దామని జరుపుతన్నానమ్మాయ్" అన్నాడు. చీపురు పట్టిన మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

బస్టాండు దాకా ఎదురెళ్ళి పిన్నికి చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె ముఖం నల్లబడింది, మామ చేసిన పనికి కాదు, నేను ఆ మాట అన్నందుకు. "నీ కళ్ళకు కారం తగిలిందే. మనూరి మనిషి, మనోడు మనోళ్ళ పొట్ట కొడతాడా? మళ్ళీ అన్నావంటే పళ్ళు రాలగొడతా" అంది. గేటు దగ్గర గోడకు ఆనిన తన పీట చూసుకుంది. తరవాత తిన్నగా లోపలికి వెళ్ళి, తన చోటులో కూర్చోబోతున్న పడమటావిడ రెక్క పట్టుకుని, "నా పీట ఎవుర్తే తీసింది?" అని అరిచింది. ఆవిడా వెనక్కి తగ్గే రకం కాదు. "మా పీటలు గూడా గోడకాడికి పోయినయి గదమ్మా, మేం ఎవుర్ని అడగాల?" అంది. ఆ మాట నిజం. గోడ వంక తల తిప్పి చూస్తే తేలిపోయేది. ఎవరూ తిప్పలేదు. జుట్లు పట్టుకున్నారు, పీటలు రోడ్డు మీదికి ఎగిరాయి, నేను నడుమ దూరి అరిచిన అరుపులు ఎవరి చెవినా పడలేదు.

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందన్నట్టు, ఇంత గోల చేసే ఆడవాళ్ళతో వేగలేమని మామ ఆ పూటే అందరినీ బయటకు పంపి తాళం వేశాడు. ఆ ఏడు ఆ షెడ్డు మళ్ళీ తెరవలేదు. పిన్ని పత్తి తీతకు పోయింది. నడుం వంచి ఎండలో ఒక్కతే తీసేది ఇల్లు గడవడానికి చాలక, తొమ్మిదో తరగతి చదువుతున్న చెల్లెలు బడి మాని ఆమె వెంట నడిచింది. అదే ఏడు నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. చెల్లెలు నాకంటే బాగా చదివేది. ఆ సంగతి తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు.

చాలా ఏళ్ళకు ఒక పెళ్ళిలో మామ నా పక్కన కూర్చుని, తాంబూలం నములుతూ, తనంతట తనే ఆ ముచ్చట ఎత్తాడు. ఆ ఏడు అవతలి దేశం వాళ్ళు ఏదో రూలు పెట్టి మన సరుకు వద్దన్నారట. ఆ సంగతి పొక్కితే కాయ ధర పడిపోతుందనీ, ఉన్న నిల్వ అమ్ముకునేదాకా గుట్టుగా ఉంచమనీ షెడ్డు షావుకారు చెప్పాడట. పని లేదంటే ఎందుకు లేదని అడుగుతారు కదా, అందుకే మీలో మీకు తగువు పెట్టానని, ఏదో చిక్కుముడి విప్పిన వాడిలా చెప్పుకొచ్చాడు. సిగ్గు పడినట్టు కూడా నాకు అనిపించలేదు. నేను పళ్ళు నూరుకుంటూ లేచి వచ్చేశాను. ఆయన పోయినప్పుడు మాత్రం పిన్ని గుండెలు బాదుకుని ఏడ్చింది. తన చోటు పడమటోళ్ళే లాక్కున్నారని కన్ను మూసేదాకా అంటూనే ఉంది.

మామ ఆ ముచ్చట చెప్పిన కొన్నాళ్ళకు నన్ను వినుకొండ వైపు ఒక బడికి వేశారు. అక్కడ ఒక పిల్లవాడి నాయనమ్మ నన్ను గుర్తుపట్టింది. పిన్ని రెక్క పట్టుకున్న ఆ పడమటావిడే. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చి, గుంటూరోళ్ళు మమ్మల్ని బతకనీయకుండా తరిమేశారమ్మా, ఆ గుమాస్తా అయ్య మాత్రం దేవుడు, దగ్గరుండి బస్సెక్కించాడు అంది. నేను జరిగింది చెప్పాను. ఆవిడ మర్యాదగా తలూపింది గాని, నా వాళ్ళను నేను వెనకేసుకొస్తున్నానని ఆ చూపులోనే తెలిసిపోయింది. గ్లాసు చేతికిచ్చేటప్పుడు ఉన్న నవ్వు, తిరిగి తీసుకునేటప్పుడు లేదు.

మొన్న సాయంత్రం చెల్లెలి కూతురు ఇంటికి వస్తే ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. అత్త మీద కోపం దుత్త మీద చూపొద్దే, ఆ ఒడిశా వాళ్ళకూ వారం నుంచి పని లేదు కదా, ముందు మీ మేస్త్రీని నిలదీసి అడగండి, షెడ్డుకు సరుకు వస్తోందా రావడం లేదా కనుక్కోండి అన్నాను. కాఫీ తాగుతూ శ్రద్ధగానే విన్నది. "మేస్త్రీ మనోడే పెద్దమ్మా, ఉంటే మనకియ్యడా" అంది. తరవాత గ్లాసు కింద పెట్టి, "ఇంతకీ మా అమ్మమ్మ చోటు తీసుకున్న ఆ పడమటోళ్ళది ఏ ఊరంటా?" అని అడిగింది.

ఆ పిల్ల వెళ్ళిపోయాక గ్లాసు కడిగి బోర్లించి వసారాలో కూర్చున్నాను. మన కాలం మంచిదని నేను అనను, ఆ కాలంలోనే మా చెల్లెలి చదువు పోయింది. కానీ మొదటి బస్సుకు వెళితే, పీట జరుపుతున్న చెయ్యి ఎవరిదో ఆనాడు కనీసం కళ్ళబడింది. ఇప్పుడా చెయ్యి ఏ సముద్రం అవతల ఉందో, ఏ కాగితం మీద సంతకం పెడుతోందో, ఎంత పొద్దున్నే లేచినా నాకు ఆనదు. కంటికి ఆనేది ఆటోల పక్కన నిలబడ్డ ఆ ఒడిశా వాళ్ళే.