ఒకటికి రెండు గింజలు వేసిన సాళ్లు

1963 జూన్‌లో నన్ను అనంతపురం దగ్గరి మెట్టసేద్య పరిశోధన కేంద్రంలో గణాంక సహాయకురాలిగా వేశారు. హోదా వినడానికి బరువుగానే ఉంటుంది. నా పైన సూపరింటెండెంటు, ఇద్దరు అసిస్టెంట్లు. నా కింద కుర్చీ తప్ప ఎవరూ లేరు. నాకిచ్చిన ఆయుధాలు పట్టికల పుస్తకం ఒకటి, పిడి పట్టుకుని తిప్పితే కరకరలాడే లెక్కల యంత్రం ఒకటి. కూడికకు పిడి ముందుకు తిప్పాలి, తీసివేతకు వెనక్కు. నేను భాగహారం మొదలుపెడితే పక్క గదివాళ్లు తలుపు వేసుకునేవారు. ఇవాళ మా తమ్ముడి కూతురు కంప్యూటర్లో రెండు వరసల అంకెలు పోసి మీట నొక్కితే రెండు సగటుల తేడా నిజమైనదో కాదో రెప్పపాటులో చెప్పేస్తుంది. నాకు అసూయగానే ఉంది. అయితే ఆ అంకెలు ఏ చేలో ఎట్లా పుట్టాయని ఆ పెట్టె ఎవరినీ అడగదు. మా పాత యంత్రమూ అడగలేదు.

ఆ ఏడు పై ఆఫీసు మాకు ఒక ప్రశ్న పంపింది. విత్తనానికి కావలసిన వేరుశెనగను ఆడవాళ్లు చేత్తో వలవడం ఎందుకు, మిషనుతో వలిపించకూడదా అని. చూడటానికి చిన్న ప్రశ్న. రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో వేసవి వచ్చిందంటే చేలో పనుండదు. ఆడవాళ్లు అరుగుల మీద గుంపుగా కూర్చుని కాయలు వలిచిన కూలితోనే వాన పడేదాకా పొయ్యి వెలిగిస్తారు. చేత్తో వలిచినా మిషనుతో వలిచినా మొలక ఒకటే అని మా కేంద్రం రాసిందంటే వచ్చే వేసవికి ఊరూరా మిషను దిగుతుంది, అరుగులు ఖాళీ అవుతాయి. ఇది మాకు తెలుసు, ఆడవాళ్లకు తెలియదు. తెలిస్తే విత్తేటప్పుడు ఏదో ఒకటి చేస్తారు కాబట్టి చెప్పకూడదని మా సూపరింటెండెంటు సుబ్బారాయుడు గారి ఆజ్ఞ. ఆయనతో నేను మారుమాట లేకుండా ఒప్పుకున్న అతి కొద్ది విషయాల్లో అదొకటి.

ఆయన కోస్తా మనిషి. మిషన్లంటే ప్రాణం. మామూలుగా నన్ను 'అమ్మాయ్' అనేవారు. నేను వాదనకు దిగితే 'ఏమండీ' అనేవారు. ఉద్యోగంలో చేరిన నెలకల్లా 'ఏమండీ'గా స్థిరపడిపోయాను.

ప్రయోగం ఇట్లా. ఒకే ఊరి చేలను మడులుగా విడగొట్టి, చీట్లు వేసి, కొన్ని మడులకు చేతి విత్తనం, కొన్నిటికి మిషను విత్తనం కేటాయించాం. మడక సాలు తీస్తుంటే వెనకాలే ఆడవాళ్లు జానకొక గింజ చొప్పున వేస్తూ పోయారు. ఒడిలో గింజలు అయిపోతే మా మేస్త్రీ సంచిలోంచి మళ్లీ పోశాడు. మొలిచాక చెక్క చట్రాన్ని మడిలో అక్కడక్కడా వేసి, దాని లోపలి మొలకలు లెక్కపెట్టాం.

అంకెలు నా బల్ల మీదికి వచ్చాయి. పిడి తిప్పాను. రెండు గుంపుల సగటులూ దాదాపు ఒకటే. సూపరింటెండెంటు గారు కాఫీ తెప్పించారు, నాకు కూడా. రిపోర్టు రాసేయమన్నారు.

నేను రాయలేదు. రెండు సగటులను పోల్చే ముందు, పెళ్లికి ముందు గోత్రాలు అడిగినట్టు, ఇంకొకటి చూడాలి. ఏ గుంపు అంకెలు తమ సగటు చుట్టూ ఎంత దూరం చెదిరాయన్నది. దాన్ని విచలనం అంటాం. చేతి విత్తనం మడుల్లో అంకెలన్నీ సగటును అంటిపెట్టుకుని ఉన్నాయి. మిషను విత్తనం మడుల్లో ఒక చట్రంలో కిక్కిరిసి, ఇంకో చట్రంలో ఖాళీగా, సంత చెదిరినట్టున్నాయి. సగటు ఒకటే, చెదురు మాత్రం ఎందుకింత వేరు? ఆయన్ను అడిగితే పై ఆఫీసు సగటు అడిగింది గాని చెదురు అడగలేదన్నారు. నేను అడుగుతున్నానన్నాను. "ఏమండీ, జీపు తీసుకెళ్లండి" అన్నారు, నన్ను వదిలించుకునే ఉపాయం అదొక్కటే కనుక.

చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లలో పెద్దది హనుమక్క. నేను సాలు పక్కన గొంతుక్కూర్చుని చూస్తుంటే దగ్గరికొచ్చింది.

"ఏంది లెక్కలమ్మా, మొలకలకు గూడా వోట్లుండాయా?"

మిషను మడిలో ఒక్కొక్క చోట రెండేసి మొలకలు అంటుకుని ఉన్నాయి, ఒక్కొక్క చోట ఏమీ లేదు. ఇదేమిటని అడిగాను.

"ఆ సంచిలో ఇత్తనం సూసినావా నువ్వు? పొర లేసిపోయి, మూతి ఇరిగి ఉండాది. ఒకటేస్తే మొలిసేదెట్ల? అట్లాంటియి కనపడిన కాడల్లా రెండేసినాము."

"ఒకటే వేయమని చెప్పాం కదమ్మా?"

"చెప్పినారు. సాలు బోసిపోతే మీకేం, జీపెక్కి పోతారు. కాయ పెరికేదంకా ఊరోళ్లు 'ఇది హనుమక్క సాలు' అని నగుతారు."

ఆ పల్లెల్లో అది ఆచారం. ఎవరు ఏ సాలు విత్తారో ఊరికంతా గుర్తుంటుంది. మొలక తప్పిన సాలుకు విత్తినామె పేరు పెట్టి పంటకాలమంతా ఎగతాళి చేస్తారు. ఆ మాట పడకూడదని, నాసి గింజ చేతికి తగిలితే వాళ్ల వేళ్లు వాటంతట అవే రెండో గింజ వదిలేస్తాయి. అంటే మిషను చెడగొట్టిన విత్తనాన్ని వీళ్లే సరిదిద్ది, తమ కూలి ఊడగొట్టే రిపోర్టును తామే తయారు చేసి పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక లెక్క తప్పిందని మాత్రం అన్నాను.

"మీ లెక్క తప్పితే మా చెయ్యెట్ల తప్పయితాది?" అంది హనుమక్క. నేను వాదనలో ఓడిన సందర్భాలు తక్కువ. కారణం చెప్పే వీలు లేదు గనుక ఓడిపోయాను.

ఆఫీసులో మాత్రం ఓడదలుచుకోలేదు. రైతు చేలో జరిగేదే వాస్తవం, మొలకలు సమానంగా వచ్చాయా లేదా అని సూపరింటెండెంటు గారు నిలదీశారు. "రెట్టింపు విత్తనం ఎవరిస్తారండీ? అది కూడా మిషనే కాస్తుందా?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. మొండివారే గాని అన్యాయపరులు కారు. అదును దాటలేదు, మళ్లీ విత్తిద్దామన్నారు.

ఈసారి కేంద్రం పొలంలోనే విత్తాం. తాడుకు సమదూరంలో ముళ్లు వేసి సాలు వెంబడి పరిచాం. ముడికొక గింజ, అంతే. చేతులు మారితే అదొక కొత్త తేడా అవుతుంది కనుక ఆ ఆడవాళ్లనే పిలిపించాం. మరి కాపలా ఎవరు? నేను వాళ్ల పక్షమని ఆయన అనుమానం, ఆయన మిషను పక్షమని నాది. చివరికి ఒప్పందం కుదిరింది. మిషను విత్తనం సాళ్లకు నేను కాపలా, చేతి విత్తనం సాళ్లకు ఆయన. ఎవరి ప్రత్యర్థి సాళ్ల మీద వాళ్లదే నిఘా అన్నమాట.

గొడుగు వేసుకుని సూపరింటెండెంటు గారు అటు, కొంగు నెత్తిన వేసుకుని నేను ఇటు, వంగి వంగి నడిచాం. "గింజకొక పోలీసప్పా" అని ఒకామె అంటే పొలమంతా నవ్వింది. హనుమక్క చెయ్యి అలవాటు కొద్దీ రెండో గింజ వదిలింది, ఏరి తీసేశాను. ఇంకో ముడి దగ్గర మళ్లీ వదిలింది, మళ్లీ తీశాను.

"తినే బిడ్డ ముందర కంచం లాగేసినట్ల ఉండాది నీ పని" అంది. ఆమె ఉసురు తగలకూడదనుకుంటూ మూడోసారీ తీశాను.

మొలక వచ్చింది. పట్టిక అవసరం లేకుండానే కనిపించింది తేడా. చేతి విత్తనం సాళ్లు దువ్వెన పళ్లలా ఉన్నాయి. మిషను సాళ్లు పళ్లూడిన నోళ్లలా ఉన్నాయి. అయినా కళ్లతో చూసిందాన్ని రిపోర్టులో రాయకూడదు. రెండు సగటుల తేడాను, యాదృచ్ఛికంగా రాగల తేడాతో భాగిస్తే వచ్చేదే టీ-విలువ. ఈసారి విచలనాలు అసమానమని తేలింది గనుక వాటిని కలపకుండా విడివిడిగానే లెక్కలోకి తీసుకున్నాను. వచ్చిన విలువ పట్టికలోని హద్దును దాటి ఎక్కడో కూర్చుంది. సూపరింటెండెంటు గారు నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, తానే పిడి తిప్పి సరిచూశారు. అదే వచ్చింది. 'మిషను నూనెకు పోయే కాయలకు మాత్రమే. విత్తనానికి చేతి వలుపే' అని రాసి సంతకం పెట్టారు. "ఏమండీ, ఇప్పుడు చెప్పొచ్చు, పదండి" అని తానే జీపెక్కారు.

చెట్టు నీడలో సంగటి ముద్దలు విప్పుకున్న ఆడవాళ్లకు మొదటి నుంచీ చెప్పాను.

"అంటే మేము రెండేసి రెండేసి, మా నోట్లో మేమే మన్ను కొట్టుకుంటాంటిమా?" అంది హనుమక్క. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. "ఆ పొద్దే చెప్పింటే ఆ మిషను సాళ్లల్లో గింజే ఏసిండేవాళ్లం గాదు గదమ్మా."

సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. ముందుగా చెప్పకపోవడానికి కారణమదే కదా అని ఆయన చూపు. నేను ఒప్పుకుని నవ్వాను, ఆయనా నవ్వారు. హనుమక్క మా ఇద్దరి చేతుల్లో చెరొక ముద్ద పెట్టింది. అందులో నంజిన ఊరిబిండి పచ్చడి ఘాటుకు కోస్తా మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి గాని ముద్ద వదల్లేదు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ రెండు సగటులు బల్ల మీదికి వచ్చినా ముందు విచలనాలు చూశాను. అవి కలవకపోతే చేనుకు వెళ్లాను. సగటులు సమానమని తేలితే, రెండు గుంపుల్లోనూ జరిగిన పని సమానమేనా అని విడిగా అడగాలి. దానికి జవాబు ఏ యంత్రం దగ్గరా ఉండదు. పని చేసినవాళ్లనే అడగాలి, వాళ్లు తిట్టినా సరే.