కరెంటు లేకుండా నడిచిన మెషిన్

దయ్యాలు, ఆత్మలు లాంటివి నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. నమ్మగలిగితే కొంత సుఖంగా ఉండేది, నిందించడానికి ఎవరో ఒకరు దొరికేవారు.

మా ఇల్లు పటేల్‌గూడలో. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఏలూరు వైపు నుంచి వచ్చి, రిటైరయ్యాక ఈ ఇల్లు దగ్గరుండి కట్టించుకున్నారు. మొన్నటి వేసవిలో ఆయనకు నిమోనియా వచ్చింది. ఊపిరితిత్తులు అప్పటికే పాడై ఉన్నాయి. అడ్మిట్ చేయాల్సిందే, కానీ ఆయన ఒప్పుకోలేదు.

"పోయినసారి పక్క మంచం ఆయన పోతే, ఆయన ఇడ్లీలు కూడా నాకే పెట్టార్రా," అన్నారు.

ఇంటి దగ్గరే ఆసుపత్రి వైద్యం చేస్తామని ఆసుపత్రివాళ్లే చెప్పారు. ముందు గదిలో మంచం, సెలైన్ స్టాండు, గాలిలోంచి ఆక్సిజన్ తీసే మెషిన్ పెట్టారు. డాక్టరు రోజూ వీడియో కాల్‌లో చూసేవాడు. బొంతపల్లి నుంచి సుజాత అనే నర్సు వచ్చి పగలంతా ఉండేది. కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది కాబట్టి ఆక్సిజన్ సిలిండర్ ఒకటి పక్కనే ఉంచారు.

నాన్న తేరుకుంటున్నారు. "ఆసుపత్రి బాగానే ఉంది, క్యాంటీనే బాగాలేదు," అని అమ్మను ఉడికించేవారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది. సుజాత సిలిండర్ వాల్వు తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మెషిన్ నడుస్తూనే ఉంది. అదే పచ్చ లైటు, అదే చప్పుడు, గొట్టంలో గాలి.

"ఇన్వర్టర్ మీద నడుస్తున్నట్టుందమ్మా. మీరేం పరేషాన్ కాకుండ్రి," అంది.

నాన్న తల అడ్డంగా ఊపారు. ఆయాసం పెరిగి మాట రాలేదు. గోడకున్న మెషిన్ ప్లగ్గు వైపు వేలు చూపించారు. నీళ్ల కోసమనుకుని అమ్మ గ్లాసు అందించింది. ఒక గుక్క తాగి, మళ్లీ అటే చూపించారు.

కాసేపటికి కరెంటు వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. సుజాత అన్నానికి కూర్చుంది. అమ్మ వడ్డిస్తోంది. నేను ఫోన్ మాట్లాడుతూ గుమ్మంలో ఉన్నాను. మెషిన్ ఆగిపోయిందని కూలర్ మోతలో ఎవరికీ తెలియలేదు. మోగాల్సిన అలారం మోగలేదు. అమ్మ వచ్చి చూసేసరికి ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. సిలిండర్ పెట్టాం. అప్పటికే అయిపోయింది.

దినాలయ్యాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గు బోర్డు విప్పించాను.

"ఈ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైనే లేదన్నా. లైట్లకు, ఒక ఫ్యానుకు, గంతే. కరెంటు పోతే ఇది బంద్ కావాలె," అన్నాడు.

వైరింగ్ చేయించింది నాన్నే. ఆయనకు తెలుసు.

మెషిన్ కంపెనీవాళ్లు పరీక్షించి లోపమేమీ లేదన్నారు. అందులో బ్యాటరీ కూడా లేదట. కరెంటు లేనప్పుడు ఎలా నడిచిందో, వచ్చాక ఎందుకు ఆగిందో వాళ్లు చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు. కరెంటుతో పాటే ఆగి ఉంటే సిలిండర్ పెట్టేవాళ్లం.

ఇప్పుడా మెషిన్ కర్దనూర్‌లో ఇంకెవరో రోగి ఇంట్లో ఉందట. వాళ్లకు ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకున్నాను. కరెంటు పోయినా అది నడుస్తూ ఉంటే భయపడండి అని ఎవరికైనా ఎలా చెప్పడం?