పరుపుల కింది కత్తి

మా నరిన్ ఊరి కోర్టులో బురుల్ అక్క పని ఒకటే. భార్య మీద చెయ్యి చేసుకున్నవాణ్ని ఇంటికి పంపితే మళ్లీ కొడతాడా లేదా అన్నది తేల్చి జడ్జిగారికి చెప్పాలి. దానికో ప్రశ్నల కాగితం ఉంది. తాగుతాడా, ఉద్యోగం ఉందా, పాత కేసులున్నాయా అని. అక్క దాన్ని ఒద్దికగా నింపి, ఆపైన ఆ ఇంటికెళ్లి భోంచేసి వస్తుంది. తిండిపోతని మేం ఏడిపించేవాళ్లం.

కెంజెబెక్ కేసులో గుమాస్తాగా నేనూ వెంట వెళ్లాను. భార్య సయ్కల్ చెయ్యి విరగ్గొట్టి జైల్లో ఉన్నాడు. మర్నాడు విచారణ. కాగితం చూస్తే మనిషికి వంక పెట్టడానికి లేదు. తాగడు, పాత కేసుల్లేవు, బడి బస్సు నడుపుతాడు. సయ్కల్ కూడా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది. ఇంకా చూడ్డానికేముందని నాకు విసుగ్గా ఉంది.

అతని తల్లి బాటినా మాకోసం గొర్రెమాంసం వండింది.

"నా కొడుకు ఉత్త అమాయకుడమ్మా. ఆ రోజేదో పొరపాటు జరిగిపోయింది" అంటూ పళ్లెం తెచ్చి పెట్టింది. మాంసం సన్నగా తరిగి, సేమ్యాలో కలిపేసి ఉంది. మా వైపు మాంసం పెద్ద ముక్కలుగా తెచ్చి, కత్తిచ్చి చుట్టాల చేతే కోయించడం మర్యాద. నేను చెయ్యి పెట్టబోయాను. అక్క ఆపింది.

"అదేంటి పెద్దమ్మా, మాంసం కోయమని చుట్టాల చేతికి కత్తివ్వవా? వీడు తేరగా తిందామని చూస్తున్నాడు. ఓ పెద్ద ముక్కా, కత్తీ ఇప్పించు, వీడి చేత కోయిద్దాం."

సయ్కల్ లేచి అత్త వైపు చూసింది. "ఎక్కడుందో నాకు తెలీదక్కా" అంది.

వంటింటి మనిషికి కత్తి చోటు తెలియదట! నాకు నవ్వొచ్చింది. బాటినా మాత్రం గోడవారన పేర్చిన పరుపుల దగ్గరికెళ్లి, అడుగున మోచేతిదాకా చెయ్యి దూర్చి, తువ్వాల్లో చుట్టిన కత్తి తీసింది. నా నవ్వు ఆగిపోయింది.

"కోడలికి చెప్పలేదేం?" అని అడిగింది అక్క.

"తెలిస్తే వాడు కొట్టి చెప్పించడూ?"

"వాడిప్పుడు జైల్లో ఉన్నాడుగా. ఇంకా ఎందుకు దాచావు?"

"రేపు వచ్చేస్తాడుగా" అని ముసలావిడ బావురుమంది. "నాకున్నది వాడొక్కడేనమ్మా."

"నీ కోడలు కూడా ఒక్కతే పెద్దమ్మా. రేపు కోర్టుకి రా" అంది అక్క. ఆ పూట మేమెవరమూ సరిగా తినలేదు.

మర్నాడు అక్క కత్తి సంగతి చెప్పాక జడ్జిగారు బాటినాను పిలిచి, కొడుకుని ఇంటికి పంపమంటారా అని అడిగారు. ఆమె కొడుకు వైపు చూడలేదు.

"పంపకండయ్యా. దాచడానికి నా దగ్గర ఇంక చోటు లేదు."