బాబుకి పెట్టిన లంఖణం

జ్వరమొస్తే లంఖణం పెట్టాలన్నది మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. పొట్ట ఖాళీగా ఉంచితే జ్వరం దానంతటదే దిగుతుందనేవారు. నాకది వేదవాక్కు. డిగ్రీ చదివాను గానీ ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేదాన్ని కాదు.

తొంభైల చివర్లో సీతమ్మధారలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన నాకు మేనబావ, స్టీల్‌ప్లాంట్లో ఉద్యోగం. అత్త, అంటే నాన్న సొంత చెల్లెలు, మాతోనే ఉండేది. బాబుకి రెండేళ్లు నిండకుండానే ఓసారి జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. పాలు కూడా ఆపేశాను. సాయంత్రం వాడు ఖాళీ గ్లాసు నాకుతుంటే అత్త చూడలేకపోయింది.

“పిల్లడి కడుపు మాడ్సకే. రెండు గుక్కలు గంజి పోత్తాను.”

“నీకేం తెలీదు, ఊరుకో అత్తా” అని గిన్నె లాక్కున్నాను. నా తెలివి తగలెయ్య. మా ఆయన అప్పుడు డ్యూటీలో ఉన్నారు.

మర్నాడు పొద్దున్న ఎంత పిలిచినా వాడు కళ్లు తెరవలేదు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. మెదడు జ్వరమై ఉంటుందన్నారు.

కొన్నేళ్లకి పాప పుట్టింది. దానికీ జ్వరంలో అలాగే మగత కమ్మితే, ఒక డాక్టరు అనుమానపడి రక్తం బయటి ఊరికి పంపించాడు. రిపోర్టు వచ్చాక ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. తిండి లేనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి శక్తినివ్వాలట. ఆ పని చేసే ఎంజైమ్ మా పిల్లల్లో సరిగా తయారవదట. దాని జన్యువులో లోపం నాన్న వైపు నుంచి నాకూ, అత్త వైపు నుంచి మా ఆయనకీ వచ్చింది. మాలో ఒక్కొక్కటే కాబట్టి మాకేమీ కాలేదు. మేనరికంలో ఆ రెండూ పిల్లలకి చేరాయి. వేళకి తింటూంటే పాపకి భయం లేదు, ఒక్క పూట కూడా పస్తుంచకూడదన్నాడు.

“బాబుకి జ్వరంలో తిండి ఆపారా? ఎవరాపారు?” అని అడిగాడు.

నేను రిపోర్టు కాగితం మడతపెట్టాను.

“నానే బాబూ” అంది అత్త. “పల్లెటూరిదాన్ని, తెలీక లంకణం ఎట్టించీసినాను.”

మా ఆయన తల్లి వంక ఒక్కసారి చూసి, లేచి బయటికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక అత్త కాళ్లు పట్టుకుని ఏడ్చాను. “ఎందుకలా చెప్పావత్తా?”

“నాను ఆడి తల్లిని. నా మీద కోపం ఎన్నాళ్లుంటాదేటి? నువ్వు ఆడితో కాపరం సెయ్యాల.”

ఆ లెక్క తప్పింది. అత్త పోయేదాకా ఆయన ఆమె చేతి ముద్ద తినలేదు. నేను ఎదురుగానే ఉండి వడ్డించేదాన్ని. నిజం ఆయనకి ఇంకా చెప్పలేదు.