వాక్యం ఆగిన చోట కత్తెర

రాయ్‌పూర్‌లో మా తెలుగు సంఘం సభలకు హిందీ నాయకులు వస్తే, పక్కన నిలబడి వాళ్ల మాటలు తెలుగులో చెప్పే పని నాది. రైల్వేలో రిటైరైన మా పెద్దవాళ్లకు బజారు హిందీ వచ్చు గానీ ఉపన్యాసాల హిందీ అందదు. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగిలినదంతా గ్రంథాలయం బల్లల దగ్గర సంపాదించుకున్నదే. ఒకే వార్తను నాలుగు పత్రికల్లో పక్కపక్కన పెట్టి చదవడం అక్కడే అలవాటైంది. అందుకే అనువాదం పనిని గర్వంగా చేసేవాణ్ణి.

పద్ధతి చాలా మామూలుది. నాయకుడు ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. అర్థమైందన్నట్టు నేను తల ఊపి, దాన్ని తెలుగులో చెబుతాను. ఆ తర్వాతే ఆయన రెండో వాక్యం అందుకుంటాడు.

స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ వచ్చిన కొత్తలో గుఢియారీ పేటలో మా సంఘం హాల్లో జరిగిన సభకు మా వార్డు కార్పొరేటర్ వచ్చాడు. హాలు పక్కన నగరపాలికది ఒక ఖాళీ గది ఉంది. దాన్ని తెలుగు పఠనాలయానికి ఇప్పిస్తానని ప్రకటించాడు. ఆ గది కోసం నేను ఏళ్లుగా తిరుగుతున్నాను. నావీ, నలుగురూ ఇచ్చినవీ కలిపి పుస్తకాలన్నీ గోనె సంచుల్లో హాలు మూలన చెదలకు భయపడుతూ ఉన్నాయి.

గది సంగతి అయ్యాక ఆయన గొంతు పెంచాడు. "ఆంధ్రావాలో, బోరియా-బిస్తర్ బాంధో ఔర్ నికలో!" అని ఆగాడు.

నేను తల ఊపి, "ఆంధ్రావాళ్లూ, మూటాముల్లె సర్దుకుని బయల్దేరండి" అన్నాను. హాలంతా బిగుసుకుపోయింది.

"ఐసా జో బోలే, పహలే ముఝ్‌సే నిపటే!"

"అలా అనేవాడెవడైనా ముందు నాతో తేల్చుకోవాలి" అని నేను చెప్పగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరసలో ఉన్న మా సంఘం అధ్యక్షుడు లేచి నిలబడి మరీ కొట్టాడు.

సాయంత్రం ఒక స్థానిక చానల్లో ఆ మొదటి వాక్యం వచ్చింది. ఆయన ఆగడం, నేను తల ఊపడం కూడా చూపించారు. కత్తెర సరిగ్గా అక్కడ పడింది. వెనకాల ఉరుముల చప్పుడు, కింద ఎర్రటి అక్షరాల్లో 'తెలుగువాళ్లకు హెచ్చరిక'. తెల్లారేసరికి ఆ ముక్క ప్రతి ఫోన్లోనూ ఉంది.

తెలీబంధాలో ఉన్న చానల్ ఆఫీసుకు వెళ్లి, రెండో వాక్యం ఏదని అడిగాను. అక్కడి కుర్రాడు సమోసా తింటూనే జవాబిచ్చాడు. "అంకుల్, బోలా తో హై న? హమ్‌నే ఏక్ శబ్ద్ భీ జోడా క్యా?" ఆయన అన్నదే కదా, మేం ఒక్క మాటైనా కలిపామా అని నన్నే అడుగుతున్నాడు. పైగా, మీవాళ్లు రోడ్డెక్కితే ఫోన్ చెయ్యండి, కెమెరా పంపిస్తానన్నాడు. ఆ నూనె వేళ్లతోనే మళ్లీ మౌస్ పట్టుకున్నాడు.

అంతకంటే రోత మా కమిటీ సమావేశంలో చూశాను.

"మీరే లేచి చప్పట్లు కొట్టారు కదా బాబాయ్!" అన్నాను అధ్యక్షుడితో.

"కొట్టినాను బావూ. ఇన్నప్పుడు బాగానే అనిపించింది. టీవీలో సూసినాక గదా తెలిసింది ఆడి మనసులో ఏటుందో."

"రెండో వాక్యం మీరు వినలేదా?"

"ఇన్నాను. అయితే టీవీవోళ్లు జూట్ సెప్తారేటి?"

వెనక నుంచి ఒక రిటైర్డ్ గేట్‌మన్ అందుకున్నాడు. "నువ్వు తలూపినావు కదేటి? ఊరంతా సూసింది. అన్ని పుస్తకాలు సదివినావు, ఆడు మనల్ని తిడతన్నాడని తెల్దా?"

అందరూ నవ్వారు. వాళ్లంతా ఆ హాల్లో, అవే కుర్చీల్లో కూర్చుని, రెండు భాషల్లోనూ విన్నవాళ్లే. సొంత చెవులను అంత తేలిగ్గా వదిలేసినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

కార్పొరేటర్ క్షమాపణ చెప్పేదాకా ఆయన ఇచ్చేదేదీ తీసుకోకూడదని తీర్మానించారు. వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే. మీ తరఫున మాట్లాడినందుకు మీకే క్షమాపణ చెప్పాలా అని కార్పొరేటర్ మండిపడ్డాడు. మాకిస్తానన్న గదిలోకి నగరపాలిక దోమల మందు కొట్టే యంత్రాలు చేరాయి.

పుస్తకాలకు హాల్లోనూ చోటు లేదన్నారు కమిటీవాళ్లు. సంచులు ఇంటికి తెచ్చుకోవడానికి రిక్షా మాట్లాడుకుని వెళ్లాను. అధ్యక్షుడే ఒక చివర పట్టి సాయం చేశాడు. మధ్యలో ఆయన జేబులో ఫోన్ మోగింది. సంచి నేలమీద దింపి, తెర నా ముఖం ముందు పెట్టాడు. అందులో ఇంకో పార్టీ నాయకుడు ఏదో అరుస్తున్నాడు.

"సూడు బావూ, ఈడెంత మాటన్నాడో!"

"దీనికి ముందు ఏమన్నాడు బాబాయ్?"

"అదెవుడికి తెల్సు?" అంటూ ఆయన దాన్ని ఇంకెవరికో పంపించే పనిలో పడ్డాడు. సంచి నేనే ఎత్తి రిక్షాలో వేసుకున్నాను.