రెండు లంగర్ల పాట

భూషణం పైపెదవి మీద నల్లటి మచ్చ. ఎంత మీసం పెంచినా అక్కడ వెంట్రుక మొలవదు. తాళ్ళరేవులో, ఏడేళ్ళ వయసులో, తాత దగ్గర పట్టిన పాటను పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళ ముందు ఎత్తుకున్నందుకు తల్లి అట్లకాడ కాల్చి వాత పెట్టిన చోటది. తాత కోరంగి ఓడల మీద కళాసీ. లంగరు ఎత్తేటప్పుడు కళాసీలు పాడుకునే బూతుపాటలు ఆయనకు వందల్లో వచ్చు.

ఆ పాటే ముప్పై మూడేళ్ళ తరువాత జెడ్డాలో భూషణానికి అన్నం పెట్టింది.

షరఫియా పేటలో ఒక సందు చివర పాత రేడియోలు, గ్రామఫోన్లు బాగుచేసే దుకాణం. దాని యజమాని ముసలి సౌదీ. పనివాళ్ళు బాబా అనేవారు. ఆయన తండ్రి ఓడ నడిపినవాడు. రంగూన్ రేవులో కొన్న లక్క రికార్డు ఒకటి కొడుక్కి వదిలిపోయాడు. భూషణం పనిలో చేరిన రోజే బాబా దాన్ని పెట్టి ముల్లు దించాడు. గరగరల వెనక నుంచి పదిమంది గొంతులు లేచాయి.

"రేవు కాడ రంగి చూడు – హైలెస్సా
రెండు లంగర్లు దించె చూడు – హైలెస్సా
కొక్కెమిరిగె, మోకు తెగె – హైలెస్సా
కోక మట్టుకు నిలవదాయె – హైలెస్సా"

భూషణం చెయ్యి తనకు తెలియకుండానే పెదవి మీదికి పోయింది.

"నీ భాషేనా? ఏమంటున్నారు?" అన్నాడు బాబా.

"దువా, బాబా. తుపానులో రెండు లంగర్లూ తెగిపోయాయి, రేవు చేర్చు దేవుడా అని మొరపెట్టుకుంటున్నారు."

బాబా కళ్ళు మూసుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు కాగానే ఆ రికార్డు తిరగాల్సిందే, భూషణం అర్థం చెప్పాల్సిందే. పదకొండేళ్ళలో ఆ దువాకు తిమింగలాలు వచ్చాయి, పగిలిన చుక్కాని వచ్చింది, వితంతువులు కూడా వచ్చారు.

భూషణం చేరిన నాలుగేళ్ళకు కడప నుంచి అల్లాబకాష్ పనికి వచ్చాడు. మొదటిసారి ఆ పాట విని, వెనకే ఆ అర్థమూ విని, నవ్వలేక దగ్గు తెచ్చుకుని బయటికి పరుగెత్తాడు. బాబాకు మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఉద్యోగాలు ముందు సౌదీలకే అనే నితాకత్ చట్టం మొదలైన ఏడు, తనిఖీకి భయపడి పక్క మేడ మీద నుంచి దూకిన పరాయి పనివాడొకడు ఈ దుకాణం మెట్ల మీదే పడ్డాడు. మోకాలి ఎముక లుంగీ చించుకుని బయటికి వచ్చింది. వాణ్ణి మోసిన ఇద్దరూ వీళ్ళే. అది గడిచింది. ఆ వెనక, పరాయి పనివాడి తలకింత అని యజమాని సర్కారుకు కట్టాల్సిన లెవీ వచ్చింది. "ఇద్దరికీ కట్టలేను. ఒకరే ఉంటారు. రెండోవాడికి ఖురూజ్," అన్నాడు బాబా. ఖురూజ్ పడితే ఇంటికి పోవడమే. భూషణానికి యాభై ఒకటి. తాళ్ళరేవులో గ్రామఫోను బాగుచేయించుకునేవాడెవడు?

గురువారం వచ్చింది. భూషణం సోల్డరింగ్ ఐరన్‌తో ఒక రేడియోకి అతుకులు వేస్తున్నాడు. అల్లాబకాష్ రికార్డు తుడిచి పెట్టి తిప్పాడు.

"ఏం అన్నా, ఈ పొద్దు బాబాకి నేను జెప్పేదా అర్థం? రంగి లంగర్లు యాడుంటాయో?"

"ఏటన్నావు?"

"దువా అంట దువా! తిమింగలాలంట! నిజం తెలిస్తే ముసలాయన నీ మెడ పట్టి గెంటుతాడు గదన్నా!"

ఎప్పుడూ ఆడే ఎకసెక్కమే. ఏడేళ్ళుగా ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నదే. ఆ రోజు భూషణానికి అది ఎకసెక్కంలా వినపడలేదు.

"నోరు ముయ్యి సాయిబూ!"

"ముయ్యకుంటే?"

భూషణం బల్ల దాటి వాడి గొంతు పట్టుకున్నాడు. తల గోడకేసి ఒకసారి, రెండుసార్లు కొట్టాడు. అల్లాబకాష్ మోకాలితో పొట్టలో పొడిచాడు, చెవి కొరికాడు. రేడియో కిందపడి పగిలింది. భూషణం చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఇంకా కణకణలాడుతూనే ఉంది. దాన్ని వాడి నోటికి అదిమాడు. చర్మం సుర్రుమంది. ఆ వాసన తనకు తెలుసు. తెలిసి కూడా ఇంకా అదిమాడు. అల్లాబకాష్ అరుపు కూడా పాటలో కలిసిపోయింది.

బాబా లోపలికి వచ్చేసరికి ఒకడు నేల మీద, ఒకడు గోడకి. భూషణం చెవి నుంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

"ఎందుకు కాల్చాడు?" బాబా అల్లాబకాష్‌నే అడిగాడు.

అల్లాబకాష్ భూషణం వైపు చూశాడు. పెదవులు కలవడం లేదు.

"పాట... పాట గురించి, బాబా."

"ఏమిటి పాట?"

"దువా," అన్నాడు అల్లాబకాష్. "రేవు చేర్చు దేవుడా అని."

బాబా ముల్లు ఎత్తేశాడు.

"మా నాన్న ఆ కళాసీలతో తిరిగినవాడు. రెండు లంగర్లంటే ఏమిటో నా పెళ్ళినాడే చెవిలో చెప్పాడు," అన్నాడు. "నీ దువా కోసమే వారం వారం కూర్చునేవాణ్ణి, భూషణ్. వితంతువులు వచ్చిన రోజు నిజంగానే ఏడ్చాను."

ఐరన్ ఇంకా భూషణం చేతిలోనే ఉంది. పడేయాలని కూడా తోచలేదు.

"నిన్నే ఉంచుకుందామనుకున్నాను," అంటూ బాబా ఖురూజ్ వేయడానికి ఫోను తీసి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఇఖామా నంబరు చెప్పు."

అల్లాబకాష్ తడిగుడ్డ నోటికి అదుముకుని తల పక్కకి తిప్పుకున్నాడు.

భూషణం జేబులోని నివాస అనుమతి కార్డు తీయలేదు. పదకొండేళ్ళుగా కంఠతా వచ్చిన పది అంకెలు. ఇక్కడ పరాయివాళ్ళందరి నంబరూ ఒకేలా మొదలవుతుంది.

"రెండు..." అన్నాడు.