పోర్టికోలో పాత కారు

కంప్యూటర్ కోర్సుకని నేను అమీర్‌పేటలో దిగేనాటికి మా హాస్టల్ ఉన్న సందులో ఇంటివాళ్లంతా పోర్టికోలకు గోడలు కట్టేసి హాస్టల్ మంచాలు వేసేశారు. మా హాస్టల్ ఆంటీ మాత్రం పోర్టికోని తన పాత కారుకే ఉంచారు. రోజూ పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంజన్ చప్పుడు కాసేపు వినేవారు. అమ్మాయిలందరికీ అదే అలారం.

ఒకరోజు ఇన్సూరెన్స్ ఏజెంట్ వచ్చి, కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"గీ బండికి ఇప్పుడు విలువేం లేదు ఆంటీ. ఖరాబైతే పైసలు రావు. థర్డ్ పార్టీ ఒక్కటి చేయించుండ్రి, సరిపోతది."

విలువ లేదన్న మాటకి నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం తాపీగా బానెట్ దించారు.

"అదే చెయ్యండి. నా కారు తగిలి ఎవరూ నష్టపోకూడదు. దీని సంగతంటారా, ఎప్పుడూ నేనే చూసుకున్నాను. ఎక్కండి, పంజగుట్ట దాకా దింపుతాను."

ఏజెంట్ ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు నా కొత్త కారుకి చిన్న గీత పడినా డబ్బులొచ్చే పాలసీ ఉంది. దాని బానెట్ ఎలా తెరవాలో మాత్రం నాకు తెలియదు.